లంక గడ్డికి లెక్క లేదు

కార్తీకం దాటి ఏరు నెమ్మదించాక గోదావరి లంకల అంచుల్లో మొదట అల్లుకునేది గరిక. దాని వెంట తుంగ లేస్తుంది, ఇసుక మేటల మీద రెల్లు దుబ్బులు కడుతుంది. శివరాత్రి నాటికి మెట్ట గట్లు ఎండిపోతాయి, చేలల్లో పశువు నోటికందేది పెద్దగా మిగలదు. ఏటి పల్లంలో మాత్రం ఒండ్రు అడుగున ఉన్న తడి ఆ గడ్డిని రోహిణీ కార్తె దాకా బతికించి ఉంచుతుంది. సెంటు భూమి లేకపోయినా ఒక గేదెను కట్టేసుకున్న ఇల్లు తొలకరి దాకా నెట్టుకురావాలంటే ఈ పచ్చికే దిక్కు. ఆ నేల ఎవరి సొంతమూ కాదు, సర్కారుది. రికార్డుల్లో దాని పేరు ఏటి పోరంబోకు. అక్కడ ఇసుక ఎంత ఉంది, ఏ రీచ్‌లో ఎన్ని టన్నులు తవ్వుకోవచ్చు అనే లెక్కకు కాగితం ఉంటుంది. అదే నేల మీద ఏ ఊరి పశువులు ఏ నెల నుంచి ఏ నెల దాకా మేస్తాయో తెలుసుకుందామంటే కాగితం దొరకదు. కాగితం లేని వాడకాన్ని ఆపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక గుంత తవ్వితే చాలు, ఒక కంచె వేస్తే చాలు. వరద మైదానాల్లో వేసవి మేత అనేది చూసీ చూడనట్టు వదిలేయాల్సిన పేదల అలవాటు కాదు, ఆ పచ్చికను పచ్చికగా నిలబెడుతున్న పని. దాన్ని హక్కుగా రాయాలి, రాసిన చోటే హద్దు కూడా పెట్టాలి.

మేతను సర్కారు ఎప్పుడూ లెక్కపెట్టలేదని కాదు. తెల్లవాళ్లు బాగానే లెక్కపెట్టారు, పన్ను కోసం. అడవిలో పశువు మేసినందుకు పుల్లరి కట్టమని పల్నాడు పల్లెలను పీడించారు. 1921లో మొదలైన ఆ పుల్లరి పోరాటంలో ముందు నిలిచిన కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర పోలీసులు కాల్చి చంపారు. పంటచేలో పడిన పశువును తోలుకెళ్లి కట్టేయడానికి 1871 నాటి చట్టం కింద బందెలదొడ్లు పెట్టారు. చాలా ఊళ్లలో ఆ మాట ఇప్పటికీ బతికే ఉంది, దొడ్డి గోడలు కూలినా. పుల్లరి దోపిడీయే, సందేహం లేదు. కానీ ఆ దోపిడీ లెక్కలోనూ ఒక ఒప్పుకోలు ఉంది. ఇక్కడ పశువులు మేస్తున్నాయి, ఈ నేలకు ఇదొక వాడకం అని సర్కారే రాసుకుంది. స్వరాజ్యం వచ్చి పుల్లరి బాధ తీరింది, మంచిదే. ఆ వాడకం ఉందన్న ఎరుక కూడా దానితోపాటే చెరిగిపోయింది.

చెరిగిపోయిన చోట ఇంకో మాట వచ్చి కూర్చుంది: బంజరు. దేశంలోని పనికిరాని భూములన్నిటికీ కేంద్ర భూవనరుల శాఖ ఒక అట్లాస్ వేస్తుంది. దానికి కావలసిన ఉపగ్రహ చిత్రాల పని చేసేది మన హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమే. 2019 నాటి అట్లాస్ ప్రకారం దేశంలో బంజరు సుమారు 5.57 కోట్ల హెక్టార్లు, అంటే మొత్తం నేలలో దాదాపు 17 శాతం. ఆ జాబితాలో క్షీణించిన మేత భూములున్నాయి, నీరు నిలిచే చిత్తడి నేలలున్నాయి, నదుల ఇసుక మేటలూ ఉన్నాయి. పైనుంచి తీసిన ఫొటోలో పంట కనిపించని నేల ఖాళీ నేలే అవుతుంది. జ్యేష్ఠంలో ఆ నేల మీద నడిచే మంద ఉపగ్రహానికి ఒక చుక్కగా కూడా కనబడదు. కొలిచిన శాస్త్రవేత్తల తప్పు కాదిది, కొలవమన్న ప్రశ్నలోనే లోపం ఉంది. ఒకసారి బంజరు అని ముద్ర పడ్డాక దాన్ని ఉపయోగంలోకి తేవడం అభివృద్ధి అవుతుంది. మొక్కలు నాటినా, సోలార్ పలకలు పరిచినా, లేఅవుట్ వేసినా ఎవరినీ వెళ్లగొట్టినట్టు లెక్కకు రాదు. లంకలకే కాదు, ఎండాకాలంలో నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు తేలే తెలంగాణ చెరువు శిఖాలకూ ఇదే గతి.

పశువు గడ్డిని తింటే గడ్డి తగ్గుతుంది కదా, అది పచ్చికను కాపాడడం ఎలా అవుతుందని అడగవచ్చు. పశువు మేసే తీరు కాస్త దగ్గరగా చూస్తే జవాబు అక్కడే దొరుకుతుంది. ఆవుకు, గేదెకు పై దవడన ముందు పళ్లు ఉండవు. గడ్డిని నాలుకతో చుట్టి, కింది పళ్లకు ఆనించి, తల ఒక్క గుంజు గుంజి తెంపుకుంటాయి. కాబట్టి నేలకు మరీ ఆనించి మేయలేవు. గొర్రె అయితే సన్నని పెదవులతో మొదలు దాకా కొరికేస్తుంది. గరిక పాకుడు గడ్డి, కణుపు కణుపుకూ వేరు దించుకుంటుంది. పై ఆకు పోయినా మొదలు పదిలం, నాలుగు రోజుల్లో మళ్లీ చిగురు. రెల్లు సంగతి వేరు. లేతగా ఉన్నప్పుడే పశువు దాన్ని ముట్టుకుంటుంది. ముదిరితే ఆకు అంచు కత్తిలా కోస్తుంది. లేతలో మేయకపోతే అది ఎత్తుకు ఎదిగి, కింద గరికకూ తుంగకూ వెలుతురు అందనివ్వదు. రెండు మూడేళ్లు మంద తిరగకపోతే పచ్చిక బయలు కాస్తా రెల్లు దుబ్బుల అడవిగా మారిపోతుంది, ఆ వెనకే సర్కారు తుమ్మ దిగుతుంది. తెల్ల కొంగకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. గేదె ముందరి గిట్ట పక్కన నిలబడి, గిట్ట లేచినప్పుడల్లా అదిరి ఎగిరే మిడతను పట్టుకుంటుంది. గేదె ఆగితే తానూ ఆగుతుంది. పొట్టి గడ్డి, దాంట్లో పురుగు, పేడలో పురుగు, వాటిని వెతికే పిట్ట: ఈ ఏర్పాటంతా మంద నడక మీదే ఆధారపడి ఉంది.

ఈ మాట కాదని దేశం ఒకసారి చాలా ఖరీదైన పరీక్ష చేసి చూసింది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల మడుగు పేరు కేవలాదేవ్. అది గంభీర్, బాణగంగ నదుల వరద చేరే పల్లం. 18వ శతాబ్దంలో అజాన్ కట్ట కట్టడంతో అక్కడ నీరు నిలవడం మొదలైంది. 29 చదరపు కిలోమీటర్ల ఆ నేలలో చుట్టుపక్కల ఊళ్ల గేదెలు తరతరాలుగా మేశాయి. 1982లో దాన్ని జాతీయ పార్కు చేశారు. పక్షుల మేలు కోరేవాళ్లే మేత ఆపాలన్నారు, ఆ ఏడు నవంబరులో మేతను నిషేధించారు. ఊళ్లు తిరగబడ్డాయి, పోలీసులు కాల్పులు జరిపారు, కొందరు గ్రామస్థులు చనిపోయారు. గేదెలు పోయాక పక్షులు పెరిగాయా? బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1980లో మొదలుపెట్టి పదేళ్లపాటు ఆ మడుగును పరిశీలించింది. నిషేధానికి ముందూ తర్వాతా ఏం జరిగిందో పోల్చడానికి అంతకంటే మంచి అవకాశం ఇంకెక్కడా లేదు. పాస్పాలం అనే నీటి గడ్డి మేసేవాళ్లు లేక మడుగుల మీద చాపలా పరుచుకుంది. నీటి ఉపరితలం మూసుకుపోయింది. చేపలకూ, బాతులకూ, నీళ్లలో తిరిగి మేత వెతుక్కునే పక్షులకూ చోటు తగ్గింది. గేదెలు ఆ మడుగుకు శత్రువులు కావనీ, దాని నిర్వహణలో భాగమనీ ఆ అధ్యయనం తేల్చింది. అప్పటికే చట్టం అడ్డుపడి ఉంది: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 35వ సెక్షన్ ప్రకారం జాతీయ పార్కులో పశువుల మేతకు తావు లేదు. ఊరివాళ్లకు గడ్డి కోసుకునే వీలు ఇచ్చారు, గేదెలను మాత్రం రానివ్వలేదు. భరత్‌పూర్‌కు సైబీరియా కొంగలు రాకపోవడాన్ని కూడా కొందరు ఈ నిషేధం ఖాతాలోనే వేస్తారు. అది సరికాదు. ఆ కొంగల దారి పొడవునా వేట, చిత్తడి నేలల నష్టం వంటి కారణాలు ఉన్నాయి. గేదెల పక్షాన మాట్లాడుతూ లేని సాక్ష్యం తెచ్చుకోనవసరం లేదు, ఉన్న సాక్ష్యమే చాలినంత ఉంది.

మేతను మాన్పించకుండా పద్ధతిలో పెట్టిన చోట ఏమయిందో చూడాలంటే ఇంగ్లండు వెళ్లాలి. ఆక్స్‌ఫర్డ్ ఊరి అంచున థేమ్స్ నది వరద పల్లంలో పోర్ట్ మెడో అని సుమారు 300 ఎకరాల ఉమ్మడి పచ్చిక ఉంది. 1086 నాటి డూమ్స్‌డే భూమి లెక్కల్లోనే ఆ ఊరివాళ్ల ఉమ్మడి మేత నేల ప్రస్తావన కనిపిస్తుంది. శీతాకాలంలో నీరు ఎక్కుతుంది, వేసవిలో ఆవులు, గుర్రాలు మేస్తాయి. అక్కడ మేపే హక్కు అందరిదీ కాదు, ఆక్స్‌ఫర్డ్ ఫ్రీమెన్‌ది, పక్కనున్న వుల్వర్‌కోట్ ఊరి ఉమ్మడిదారులది. ఏడాదికోసారి షెరీఫ్ ముందుగా చెప్పకుండా మందలన్నిటినీ తోలించి, హక్కు లేని పశువు దొరికితే యజమానికి జరిమానా వేసే ఆనవాయితీ ఉంది. మన బందెలదొడ్డికి దూరపు చుట్టం అనుకోవచ్చు. పాకుడు మార్ష్‌వర్ట్ అనే అరుదైన చిన్న మొక్క అక్కడ బతికుండడానికి ఆ వరదా, ఆ మేతా రెండూ కారణమే. విల్ట్‌షైర్‌లోని క్రిక్లేడ్ నార్త్ మెడోలో అయితే జూలైలో గడ్డి కోత అయ్యాక, ఆగస్టు 12 నుంచి ఫిబ్రవరి 12 దాకా ఉమ్మడి మేత. తేదీలతో సహా రాసిపెట్టుకున్న హక్కు. మనకు అన్నీ తెల్లవాడి నుంచే నేర్చుకోవాలా అని ఎవరికైనా చిరాకు కలగవచ్చు. నేర్చుకోవలసింది మేపడం కాదు, అది మన కాపరులకు వచ్చు. రాసిపెట్టుకోవడం నేర్చుకుంటే చాలు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం పాతదే, బలమైనదీ అదే. అందరిదైన పచ్చికలో ప్రతివాడూ ఇంకో పశువును తోలుతాడు, చివరికి గడ్డి మిగలదు. గారెట్ హార్డిన్ 1968లో రాసిన వ్యాసం ఈ వాదానికి ప్రపంచమంతా పేరు తెచ్చింది. అయితే ఆయన ఊహించుకున్నది తలుపు లేని పచ్చికను, ఎవరైనా ఎన్నైనా తోలుకునే చోటును. అదుపు లేని ఉమ్మడి గురించే తాను రాశానని తర్వాత ఆయనే సవరించుకున్నాడు. ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో వెలువడిన పుస్తకంలో తలుపు ఉన్న ఉమ్మడి నేలలను పరిశీలించింది. ఆ కృషికే 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆమె చూపిన ఉదాహరణల్లో స్విట్జర్లండ్‌లోని టోర్బెల్ అనే కొండ ఊరిది మనకు బాగా పనికొస్తుంది. 1517లో ఆ ఊరు ఒక నియమం పెట్టుకుంది: చలికాలంలో తన కొట్టంలో ఎన్ని ఆవులను మేపగలడో అన్నిటినే ఎవడైనా వేసవిలో కొండ పచ్చికకు తోలాలి. తనిఖీకి అధికారి అక్కర్లేదు, పక్కింటివాడి కొట్టం ఊరందరికీ కనబడుతూనే ఉంటుంది. మన లంకలకు ఇదే నియమాన్ని తిరగేసి వాడుకోవచ్చు. ఏరు నిండి ఉన్న నాలుగు నెలలూ ఇంటి దగ్గర గడ్డి వేసి సాకగలిగినన్ని పశువులనే లంకకు తోలాలి. బయటి నుంచి లారీల్లో దించి వేసవి అంతా మేపి అమ్ముకునే వ్యాపారికి దీంతో తలుపు మూసుకుంటుంది. ఒక గేదె ఉన్న ఇంటికి ఏ ఇబ్బందీ రాదు. గొర్రెల మందలకు మాత్రం వేరే హద్దు కావాలి, పైన చెప్పిన పెదవుల కారణంగానే.

రెండో అభ్యంతరం ఇంకా సున్నితమైనది. లంక భూముల మీద కూలి కుటుంబాలకు, ముఖ్యంగా దళితులకు, సాగు హక్కు కోసం ఎన్నో ఏళ్ల పోరాటాలున్నాయి. సహకార సేద్య సంఘాల పేరిట లీజులున్నాయి. మేత హక్కు పేరు చెప్పి పశువులున్నవాళ్లు ఆ సాగును తోసేస్తే అది అన్యాయం. కాబట్టి సాగులో ఉన్న లంకను మేతకు అడిగే ప్రశ్నే లేదు. అడగవలసింది సాగుకు రాని అంచులను, ఏటా వరద మింగి కక్కే నేలను, పంట తీశాక ఖాళీగా ఉండే నెలలను. ఇంకో సంగతి కూడా చూడాలి. కౌలుకైనా నేల దొరకని ఇంట్లో మిగిలే ఆస్తి పశువే. దాన్ని మేపుకొచ్చేదీ, పాలు పితికి కేంద్రానికి పోసేదీ ఎక్కువగా ఆడవాళ్లే. ట్రాక్టర్ వచ్చింది, ఎద్దులు పోయాయి, ఇంక మేత ఎవరికి అనే మాట సగమే నిజం. 2019 పశుగణన ప్రకారం దేశవాళీ ఆవులూ ఎద్దులూ 2012 కంటే 6 శాతం తగ్గాయి, నిజమే. తగ్గినా 14 కోట్ల పైచిలుకు ఉన్నాయి, గేదెలు దాదాపు 11 కోట్లు. వరికోత యంత్రం వచ్చాక కంకిని పైకి కోసి మిగతాది చేలోనే చిందరవందర చేస్తోంది; వాములు కట్టే గడ్డి తగ్గింది. కొనుక్కునే దాణా భారం లేకుండా పాలిచ్చే వ్యవస్థ ఇంకా మిగిలి ఉంటే అది ఈ పచ్చిక పుణ్యమే. ఏటి ఒడ్డు మేత మీద పెరిగిన జాతులను మనం తక్కువగా చూస్తున్నాం. గుండ్లకమ్మ, పాలేరు, మూసి ఏళ్ల నడుమ పుట్టిన ఒంగోలు జాతిని బ్రెజిల్ తీసుకెళ్లి, నెల్లూరు పేరు మీద నెలోర్ అని పిలిచి, తన మాంస వ్యాపారానికి పునాది చేసుకుంది. పేరు దాకా మనదే.

పశువుల వల్ల ఏటికి నష్టమే లేదని చెప్పడం కూడా తప్పు. వేసవిలో ఇసుక తిన్నెల మీద నేలపైనే గుడ్లు పెట్టే పక్షులున్నాయి. రివర్ టెర్న్ లాంటివాటి గూళ్లు మంద కాళ్ల కింద పడతాయి, చాలా నదుల్లో ఇది నమోదైన సమస్యే. కానీ గుడ్లు ఉండేది వట్టి ఇసుక మీద, మేత ఉండేది ఒండ్రు మీద. ఫిబ్రవరి నుంచి మే దాకా ఏ తిన్నె మీదకు తోలకూడదో కాపరికి చూపిస్తే సరిపోతుంది. ఆ తిన్నెను ఇసుక లారీ నుంచి ఎవరు కాపాడతారన్నది మాత్రం కాపరిని అడగవలసిన ప్రశ్న కాదు. పశువులు వదిలే మీథేన్ గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు. ఆ లెక్కలో గడ్డి మేసే గేదెకు దాణా తినే గేదె కంటే లీటరు పాలకు ఎక్కువ పడవచ్చు, ఒప్పుకోవాల్సిందే. అయితే లంక గేదెను తీసేస్తే ఆ ఇంటికి పాలు మాయమవుతాయే తప్ప తక్కువ మీథేన్ పాలు రావు. అంతకంటే తీవ్రమైన సమస్య వరద. 2022 జూలై మధ్యలోనే ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసేది 17 లక్షలకు. ఎగువన గేట్లు ఎత్తితే లంక మీద ఉన్న మందకు పారిపోయే దారి ఉండదు. అందుకే మేతకు కాలం హద్దు కావాలి. మన పంచాంగంలోనే అది సిద్ధంగా ఉంది: కార్తీక పున్నమికి మంద దిగడం, ఏరువాక పున్నమికి గట్టెక్కడం. అటు వరదకూ, ఇటు వాన తడికి గడ్డి వేరు తన్నుకునే రోజులకూ రెండింటికీ సరిపోతుంది.

చట్టం లేక ఇదంతా ఆగిపోలేదు. ఉమ్మడి నేలల ఆక్రమణలు తొలగించమని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసు తీర్పులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. అటవీ భూమి అయితే 2006 అటవీ హక్కుల చట్టం మేతను, సంచార కాపరులు కాలానుగుణంగా వచ్చి వాడుకునే హక్కును కూడా ఒప్పుకుంటుంది. నది పోరంబోకు విషయానికి వచ్చేసరికి ఇలాంటి స్పష్టత లేదు. ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చిక బయళ్ల, పశుకాపరుల సంవత్సరంగా ప్రకటించింది. సభలూ బ్యానర్లూ ఎలాగూ ఉంటాయి కాబట్టి ఆ పేరు చెప్పి రెండు తెలుగు రాష్ట్రాల రెవెన్యూ శాఖలు ఒక చిన్న పని చేయవచ్చు. లంక ఉన్న ప్రతి పంచాయతీలో, శిఖం ఉన్న ప్రతి ఊళ్లో, వచ్చే మాఘంలో వీఆర్వోనో రెవెన్యూ ఉద్యోగో పశువైద్య సహాయకుణ్ణి వెంటబెట్టుకుని ఒక పూట ఏటి ఒడ్డుకు వెళ్లాలి. ఏ ఇంటివి ఎన్ని పశువులు, ఏ దారిన దిగుతాయి, ఎక్కడ నీళ్లు తాగుతాయి, ఎక్కడ నిలబడతాయి అన్నది రాయాలి. ఆ రాసినదాన్ని గ్రామసభలో చదివి, తీర్మానం చేసి, అడంగల్‌లోనో పహాణీలోనో ఆ సర్వే నంబరు ఎదుట మేత అన్న మాట, నెలలతో సహా ఎక్కించాలి. ఆ తర్వాత ఇసుక రీచ్‌కు గానీ మరో ప్రాజెక్టుకు గానీ ఆ నేల అడిగినవాళ్లు ముందుగా ఆ కాగితం తీసి చూడాల్సి వస్తుంది. అదే జాబితాలో కాపరుల ఫోన్ నంబర్లు కూడా ఉంటాయి కనుక, ఎగువన గేట్లు ఎత్తే కబురు కలెక్టరేట్ నుంచి తహసీల్దారుకూ, తహసీల్దారు నుంచి సర్పంచికీ దిగి వచ్చేలోపే, నేరుగా లంక మీద గేదెలను మళ్లేసుకుంటున్న మనిషికి చేరుతుంది.